వీపు వెనక మనిషి

“మూడనంగనే ఊపిరి ఇడువు పటేలా. ఒకటి... రెండు...”

మూడు అన్న మాట శ్యామలమ్మ నోట ఎప్పుడూ రాదు. రెండు దగ్గరే ఆమె ఒక చెయ్యి బ్రహ్మానందం భుజం కిందికి, ఇంకో చెయ్యి తుంటి కిందికి పోనిచ్చి అతన్ని తన వైపు మళ్లించేస్తుంది. ఈడ్వదు. ఈడిస్తే తోలు పరుపుకు రాసుకుపోతుందని ఆమె భయం. అతని బరువంతా ఒక్క క్షణం ఆమె పొట్ట మీద ఆగి, తర్వాత మెల్లగా మంచం మీదికి దిగుతుంది. వెంటనే వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల నడుమ ఒకటి, పిక్కల కింద ఒకటి. మడమలు పరుపుకు తగలకూడదు. చివరికి దుప్పటి అంచులు లాగి అరచేత్తో నిమిరి చూస్తుంది. ఎక్కడా ముడత ఉండకూడదు, ఎండిన మెతుకు కూడా ఉండకూడదు.

కాసేపు గోడ వైపు, కాసేపు వాకిలి వైపు, కాసేపు వెల్లకిలా. పగలంతా ఇదే పని. రెండు గంటలకు మించి ఏ పక్కనా ఉండనివ్వదు. గడియారం చూడటం ఆమెకు అలవాటు లేదు. రోడ్డు మీద వర్ని బస్సు హారనూ, గడప దాటి లోపలికి వచ్చే ఎండా, వంటింట్లో రేడియో వార్తలూ ఆమెకు చాలు.

బ్రహ్మానందానికి మెడ కింద ఏదీ తెలియదు. భుజాల పైభాగం వరకే ఒళ్లు అతనిది. మోచేతులు కొంచెం వంగుతాయి, వేళ్లు కదలవు. రెండు గానుగ సీజన్ల కిందట చెరకు లోడుతో ఫ్యాక్టరీకి పోతున్న ట్రాలీ కాలువ గట్టు మీద ఒరిగిపోయింది. డ్రైవరు దూకేశాడు. లోడు మీద కూర్చున్న బ్రహ్మానందం చెరకు కింద పడ్డాడు. చెరకు తీసి చూస్తే ఒంటి మీద ఒక్క గాయం లేదు. మెడలో ఎముక మాత్రం విరిగింది. అప్పటికి అతనికి నలభై నిండలేదు.

ఇంట్లోవాళ్లు పెళ్లికి బయల్దేరిన రోజు పొద్దున శ్యామలమ్మ ఎప్పటిలాగే బోధన్ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. రోడ్డు దగ్గర దిగి క్యాంపు దాకా నడిచి రావాలి. వచ్చీ రాగానే లోపలికి రాకుండా అరుగు మీద కూలబడింది. వాకిలి వైపు తిరిగి పడుకున్న బ్రహ్మానందానికి ఆమె పక్క నుంచి కనబడుతోంది. పొట్టి మనిషి, గుండ్రటి భుజాలు, గడ్డం మీద పచ్చబొట్టు చుక్క. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టిన చేతులు. ఆకు మడిచి మడిచి ఎడమ బొటనవేలి గోరు నడుమ ఒక నొక్కు పడిపోయింది. ఆ చేత్తోనే ఆమె చెంబు ఎత్తి నీళ్లు తాగింది. తాగడం అయిపోయాక కూడా చాలాసేపు లేవలేదు.

“ఏం శ్యామలమ్మా, అక్కడే కూర్చున్నావు?”

“బస్సుల జాగ లేకపాయె పటేలా. నిలవడి వచ్చిన. జర దమ్ము తీస్కుంటున్న.”

ఆ ఇంట్లో పటేళ్లెవరూ లేరు. అతని తాత నిజాంసాగర్ నీళ్లు చూసి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరే ఈ క్యాంపు. బ్రహ్మానందం ఇక్కడే పుట్టాడు. శ్యామలమ్మకు మాత్రం పొలం ఉన్న మగవాళ్లందరూ పటేళ్లే.

లేచి వచ్చి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంది. అతన్ని ముట్టుకునే ముందు రోజూ అలాగే చేస్తుంది. కొత్తలో ఒకసారి అతను నవ్వాడు. వేడీ చల్లనా తనకు తెలిసేనా అని అడిగాడు.

“నీకు తెల్వకపాయె,” అన్నది ఆమె. “నీ తోలుకు తెలుస్తది గద.”

ఆ రోజు ఇంట్లో ఎవరూ ఉండరు. వర్ని దగ్గర క్యాంపులో దగ్గరి చుట్టాల పెళ్లి. భార్య నాగకుమారి పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ప్రమాదం జరిగాక ఆమె ఒక శుభకార్యానికి వెళ్లడం ఇదే మొదటిసారి. వెళ్లనని చెప్పినా మామ వీరరాఘవయ్యా, బ్రహ్మానందమూ కలిసి ఒప్పించారు.

“తలంబ్రాలు కాగానే వచ్చేస్తానండీ. మామయ్యగారు భోజనాలకు ఆగుదామన్నా ఆగను.”

“ఆగు. కడుపునిండా తిని రా,” అన్నాడు బ్రహ్మానందం. “శ్యామలమ్మ ఉంది కదా.”

శ్యామలమ్మ ఉంది కదా. ఆ ఇంట్లో ఎవరు ఏ పని మీద గడప దాటినా అదే మాట.

శ్యామలమ్మ రాకముందు రోజులు ఎలా ఉండేవో ఎవరూ మాట్లాడుకోరు. ఆస్పత్రి నుంచి అతన్ని ఇంటికి తెచ్చినప్పుడు నాగకుమారి నిజామాబాదు నుంచి మెత్తటి పరుపు తెప్పించింది. వెల్లకిలా పడుకోబెట్టి ఫ్యాను కింద మంచం వేసింది. అతను హాయిగా నిద్రపోయేవాడు. నిద్రపోతున్నవాణ్ని కదిలించి బాధపెట్టడం ఎందుకని ఇంటిల్లిపాదీ కాళ్ల మునివేళ్ల మీద నడిచేవాళ్లు. కొన్నాళ్లకు గదిలో ఏదో కుళ్లిన వాసన మొదలైంది. చెరకు ఆడే రోజులు కాబట్టి ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే మడ్డి వాసన అనుకున్నారు ముందు. తర్వాత బ్రహ్మానందమే అన్నాడు, అటక మీద ఎలుక చచ్చి ఉంటుందని. వీరరాఘవయ్య పాలేరును ఎక్కించాడు. పాత గంపలు దిగాయి, విత్తనాల కుండలు దిగాయి, చిల్లుపడ్డ స్ప్రేయరు దిగింది. ఎలుక దొరకలేదు. బ్రహ్మానందం మంచం మీద నుంచే ఆ మూల చూడు, ఈ మూల చూడు అని పురమాయిస్తున్నాడు. ఎలాగూ దుమ్ము పడింది, దుప్పటి మారుద్దామని నాగకుమారి అతన్ని కొంచెం పక్కకు ఒరిగించింది. దుప్పటి ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. చెప్పబోయిన మాట సగంలోనే ఆగింది. పైన పాలేరు వెతుకుతూనే ఉన్నాడు.

“దిగిపొమ్మనండి,” అన్నది చివరికి, గోడకు చెబుతున్నట్టు. “ఎలుక లేదు.”

బోధన్ డాక్టరు వచ్చి చూసి, నడుము కింద అరచేయంత మేర కండ చచ్చిపోయిందని, ఎముక కనబడుతోందని చెప్పాడు. పైన చర్మం చిన్న నల్ల మచ్చలా ఉండి, లోపల గుంత పడిందట. చచ్చిన కండను కత్తెరతో కోస్తుంటే బ్రహ్మానందానికి నొప్పి లేదు. కత్తెర చప్పుడు మాత్రం వినబడింది. తన ఒంటి మీద నుంచి ఏదో తీసి పళ్లెంలో వేస్తున్న చప్పుడు కూడా వినబడింది. తన శరీరం తనకు చెప్పకుండా కుళ్లిపోయింది. తను అటక మీద వెతికించాడు. ఆ దిగ్భ్రమ అతన్ని ఇప్పటికీ వదల్లేదు. మంచి వాసన వచ్చినా, చెడ్డ వాసన వచ్చినా, ముందు తన మీదే అనుమానం.

పుండులో పసుపు కూరమన్నారు కొందరు. స్పిరిట్ పోయమన్నారు కొందరు. డాక్టరు ఏదీ వద్దన్నాడు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగాలి, తడి గాజుగుడ్డ పెట్టాలి, అన్నిటికన్నా ముందు ఆ చోటు మీద బరువు పడనివ్వకూడదు, మనిషిని మళ్లిస్తూనే ఉండాలి అన్నాడు. తన నర్సింగ్ హోములో పనిచేసే ఆయాను పంపిస్తానన్నాడు. అలా వచ్చింది శ్యామలమ్మ. పగలు ఆమె. ఆమె పోయాక ఆమె చెప్పినట్టు నాగకుమారి, వీరరాఘవయ్య.

మధ్యాహ్నం పప్పన్నంలో ఉడికించిన గుడ్డు చిదిమి తినిపించింది. అతను రెండో గుడ్డు వద్దన్నాడు.

“తిను పటేలా. పుండు మానాలంటె కండ కావాలె. కండ ఉత్తగ వస్తదా?”

“నువ్వు తిన్నావా?”

“తింట తియ్యి. ఆకలైతలేదు.”

మూతి తుడిచి, పక్కన స్టూలు మీద కూర్చుని తన ఎడమ భుజం తనే పిసుక్కుంది. ఊళ్లో కబుర్లు చెప్పమన్నాడు అతను. ఆమెకు చెప్పడానికి పెద్ద కబుర్లు ఉండవు. పుట్టింది నవీపేట దగ్గర. బీడీల చేట ముందు పెట్టుకుని పెరిగింది. బోధన్‌లో ఇచ్చారు. పెనిమిటి హన్మండ్లు చెరకు కాటా దగ్గర హమాలీ. జ్వరం వచ్చి పోయాడు. పిల్లలు నిలవలేదు. మిగిలింది అత్త. ఆమె కాళ్లు పడిపోయి చాలా ఏండ్లు చాప మీదనే ఉంది.

“మా అత్త మడిమెలకు ఒకపారి పుండైంది,” అన్నది శ్యామలమ్మ. “అప్పుడు నాకేం తెలుసు. సాపకు ఒత్తుకుంటున్నదని, ఆమె కాళ్లు నా తొడ మీద ఏసుకుని కూసునేది. తొడ మీద ఆమె కాళ్లు, మోకాళ్ల మీద బీడీల శాట. గట్లనే సుట్టేది.”

“ఎన్నేళ్లు?”

“ఎవలు లెక్కవెట్టిండ్రు. ఆమె సచ్చినంక నాకు తొడ తేలికైపాయె. రెండు మూడు నెల్లు నిద్రనే రాలె పటేలా. ఏమో మర్సిపోయినట్టు లేసి కూసునేది.”

అలా అని ఆమె నవ్వింది. ముందు పళ్లు బీడీ ఆకు రంగులో ఉన్నాయి. బయట ఎండ మీదికి వచ్చింది. దూరంగా మహారాష్ట్ర నుంచి వచ్చిన చెరకు కోతగాళ్ల కేకలు, రోడ్డు మీద పాటలు పెట్టుకుని పోతున్న లోడు ట్రాక్టర్లు. వర్ని బస్సు హారను వినబడింది. ఆమె లేచింది.

“గోడ దిక్కు మర్లుదాం. ఒకటి... రెండు...”

అతని ముఖం గోడ వైపు వచ్చింది. సున్నం పెచ్చు ఊడిన చోటు తెలంగాణ పటంలా ఉందని అతను అనుకుంటూ ఉంటాడు. వెనక ఆమె పట్టీ విప్పుతున్న చప్పుడు. గిన్నెలో నీళ్ల చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఆమె చూస్తున్నప్పుడు ఎప్పుడూ అంతే. అతని వీపును అంతసేపు, అంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు. అతను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

“ఇయ్యాల పట్టీ కట్టను,” అన్నది.

“ఏం?”

“మూసుకున్నది.”

“ఎంత మూసుకుంది?”

“మొత్తం. గులాబి రంగు తోలొచ్చింది. సంటిపిల్ల పెదిమ తీరుగున్నది. జర గాలి తగలని.”

బ్రహ్మానందం నమ్మలేదు. పోయిన ఎండాకాలం మానుతుందన్నారు, మళ్లీ చీము పట్టింది. వానాకాలం ఇంక ఆపరేషనే అన్నారు. అతను ఆశ పెట్టుకోవడం మానేసి చాలా రోజులైంది.

“నా తృప్తి కోసం చెప్తున్నావా?”

“అబద్దమాడితె నాకేమొస్తది? నా కండ్లతోని సూసిన. అమ్మ వచ్చినంక నువ్వే అడుగు.” ఆమె గొంతు కొంచెం అలసటగా ఉంది. “జరసేపు గిట్లనే ఉండు పటేలా. నేను కూసుంట.”

వెనక కిందికి జారి కూర్చున్న చప్పుడైంది. మంచం పక్కన ఉన్న స్తంభానికి వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చోవడం ఆమె పద్ధతి. పడమటి వాకిలి నుంచి ఎండ గదిలోకి రావడం మొదలైంది. ఆమె నీడ గోడ మీద, అతని ముఖానికి జానెడు పైన పడింది. వంగిన తల, భుజాలు.

బ్రహ్మానందానికి మాట్లాడాలనిపించింది. ఎన్నో నెలలుగా అనుకోని విషయాలు ఒక్కసారిగా నోటికి వచ్చాయి. పుండు మానింది కాబట్టి చక్రాల కుర్చీలో కూర్చోవచ్చు కదా అన్నాడు. కూర్చుంటే కాలువ గట్టు దాకా తోయించుకుని పోయి చెరకు తోట చూడాలన్నాడు. ఈ ఏడు కొత్తగా నాటిన మొక్కతోట కన్నా, నరికిన మోళ్ల నుంచి మళ్లీ చిగురించిన కార్శి తోటే బాగుందని నాన్న చెబుతున్నాడు, నిజమో కాదో తన కళ్లతో చూడాలన్నాడు. నాగకుమారికి చెప్పి ఆమెకు ఒక మంచి చీర పెట్టించాలనీ అన్నాడు. ఏ రంగు కావాలో అడిగాడు.

జవాబు రాలేదు. ఊ కొట్టే అలవాటు ఆమెది. ఊ కూడా లేదు. నీడ తల వంచుకునే ఉంది. నిద్రపట్టింది కాబోలు, నిలబడి వచ్చింది కదా అనుకున్నాడు. పడుకోనిమ్మని ఊరుకున్నాడు. సంతోషంగానే ఊరుకున్నాడు.

నీడ గోడ మీద మెల్లగా పైకి పాకింది. సున్నం పెచ్చు ఊడిన చోటు దాటింది. రోడ్డు మీద బోధన్ బస్సు పోయింది. ఆ బస్సు చప్పుడుకు అతన్ని మళ్లించడానికి ఆమె లేస్తుంది. లేవలేదు.

“శ్యామలమ్మా, బస్సు పోయింది.”

కొంచెం ఆగి మళ్లీ పిలిచాడు. మెడ విరిగాక అతని గొంతులో బలం పోయింది. ఊపిరి సగమే వస్తుంది. అరిచాననుకుంటాడు గానీ అది గుమ్మం కూడా దాటదు. కానీ ఆమె ఉన్నది చేతికందేంత దూరంలో. వినబడకుండా ఉంటుందా?

నుదుటి మీద చెమట పట్టింది. తల వెనక ఎవరో సుత్తితో కొడుతున్నట్టు మొదలైంది. ఒంట్లో ఎక్కడ ఏం జరిగినా అతనికి తెలిసేది ఈ రెండు గుర్తులతోనే. డాక్టరు ముందే చెప్పాడు, ఊరకే తలనొప్పి వచ్చి ముఖమంతా చెమట పోస్తే కింద ఏదో ఒత్తుకుంటోందని లెక్క అని. తన తుంటి ఎముక పరుపును ఒత్తుకోవడం, రెండింటి మధ్యా చర్మం తెల్లబడటం, తర్వాత ఎర్రబడటం, తర్వాత నల్లబడటం అతని కళ్ల ముందు కనబడింది. ఆ కత్తెర చప్పుడు వినబడింది. ఒకటి ఇవాళే మూసుకుందని చెప్పింది, రెండోది ఇవాళే తెరుచుకుంటుందా?

భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఏయ్ శ్యామలమ్మా! నీ నిద్రకు నా ఒళ్లు కుళ్లాలా? చాతకాకపోతే చెప్పు, ఇంకోళ్లను పెట్టుకుంటాం.”

ఆ మాట అని చెవులు రిక్కించాడు.

అప్పుడు వెనక చిన్న చప్పుడు వినబడింది. నేల మీద గోళ్ల చప్పుడు. పెరట్లో కోడి గడప దాటి లోపలికి వచ్చింది. శ్యామలమ్మ ఉన్నప్పుడు కోడి గడప తొక్కే ప్రశ్నే లేదు. ఈగను కూడా వాలనివ్వదు ఆ గదిలో. కోడి గొంతులో గొణుక్కుంటూ అటూ ఇటూ తిరిగింది. బ్రహ్మానందం గోడ వైపే చూస్తున్నాడు. నీడ అంచున ఇంకో చిన్న నీడ వచ్చి చేరింది. మెడ సాచింది. రెక్కలు ఒక్కసారి టపటపమన్నాయి. ఆ చిన్న నీడ ఎగిరి పెద్ద నీడ భుజం మీద కూర్చుంది. ముక్కుతో ఆమె జుట్టు లాగింది.

పెద్ద నీడ కదలలేదు.

 బ్రహ్మానందం రెప్ప ఆర్పకుండా చూశాడు. కోడి కాసేపు అక్కడే ఉండి, దిగి పోయింది. నీడ తల మాత్రం కొంచెం ఒక పక్కకు జరిగి, అలా ఉండిపోయింది.

అరిచాడు. పేరు పెట్టి కాదు, ఏ మాటా కాదు. బయటికి వచ్చింది బొంగురు గాలి. రోడ్డు మీద పాటల ట్రాక్టరు పోతోంది. పాట అయిపోయేదాకా ఆగి మళ్లీ అరిచాడు. కళ్లలోకి చెమట కారింది, తుడుచుకోవడానికి చెయ్యి ముఖం దాకా రాలేదు.

అరుగు మీద అడుగులు వినబడ్డాయి. కుండ మీద మూత తీసిన చప్పుడు. మోటారు దగ్గర కాపలా ఉండే కాశయ్య, రోజూ ఈ వేళకు మంచినీళ్లు తాగడానికి వస్తాడు. బ్రహ్మానందం ఉన్న శక్తినంతా గొంతులోకి తెచ్చుకుని “కాశయ్యా” అన్నాడు. కాశయ్య గటగట నీళ్లు తాగుతున్నాడు. గుమ్మం దాకా వచ్చాడు. కోడిని ఉష్ అన్నాడు. అతని నీడ కూడా గోడ మీద పడింది, తలపాగాతో సహా. తొంగి చూస్తున్నాడు.

“ఇద్దరు మంచిగ పండుకున్నరు,” అన్నాడు కాశయ్య తనలో తను, మెల్లగా, నిద్ర చెడకుండా. కోళ్లు రాకుండా తలుపు దగ్గరికి లాగేసి వెళ్లిపోయాడు.

గది చీకటైంది. గోడ మీద ఏ నీడా లేదు.

ఆ చీకట్లో బ్రహ్మానందం ఎంతసేపు ఉన్నాడో అతనికి తెలియదు. తలలో సుత్తి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఇప్పుడు తుంటి గుర్తు రావడం లేదు. తను ఆఖరున అన్న మాటే చెవిలో మోగుతోంది. అప్పటికి ఆమెకు వినబడి ఉంటుందా? వినబడకూడదని కోరుకున్నాడు. వినబడలేదంటే అప్పటికే ప్రాణం పోయిందని అర్థం. తను ఏది కోరుకుంటున్నాడో తెలిసి, గోడకు నుదురు ఆనించాడు. చీరల గురించి, తోట గురించి మాట్లాడినప్పుడైనా ఉందా? పుండు మానిందని చెప్పి, కూర్చుని, అలాగే వెళ్లిపోయిందా? వెనక్కి తిరిగి ఒక్కసారి ఆమె ముఖం చూడటానికి లేదు. ఆమెను నేల మీద పడుకోబెట్టి కళ్లు మూయడానికి లేదు. మళ్లించే మనిషి లేకపోతే అతని తల గోడ వైపే.

“శ్యామలమ్మా, నేనిక్కడే ఉన్నాను,” అన్నాడు. 

జీపు వచ్చిన చప్పుడు, నాగకుమారి నవ్వుతూ ఎవరికో ఏదో చెబుతూ అరుగెక్కిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. పెళ్లి నుంచి తెచ్చిన మల్లెల వాసన ముందు వచ్చింది.

“అయ్యో, ఇద్దరూ నిద్రే? చీకటి పడుతోంది శ్యామలమ్మా, నీ బస్సు...”

మాట మధ్యలో ఆగింది. ఆ ఆగడం బ్రహ్మానందానికి తెలుసు. అటక మీద ఎలుకను వెతికిన రోజు ఆమె అలాగే ఆగింది.

“నాగా,” అన్నాడు. “నన్ను తర్వాత చూద్దువు గానీ. ముందు ఆమెను పడుకోబెట్టండి.”

కబురందుకుని రాత్రి భోజనాల వేళకు బోధన్ నుంచి శ్యామలమ్మ తమ్ముడు ముత్తన్న ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. చెరకు లోడు ఎత్తే కూలి. ఒంటి మీద ఇంకా చెరకు ఆకు గీతలున్నాయి. డాక్టరు కూడా వచ్చి చూసి, గుండె ఆగిందని, ఎక్కువ బాధపడి ఉండదని చెప్పి పోయాడు. ముత్తన్న ఏడవలేదు. ఏం జరిగిందో ఇంకా బుర్రకెక్కనట్టు, అక్క పక్కన కూర్చుని ఆమె కాలి మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. లేచి బ్రహ్మానందం మంచం దగ్గరికి వచ్చాడు. అప్పటికి అతన్ని వెల్లకిలా తిప్పారు.

“గుండెల నొప్పని ఎన్నడు సెప్పలె పటేలా,” అన్నాడు. “ఆఖరుకు ఏమన్న అన్నదా మా అక్క?”

బ్రహ్మానందం పెదాలు తడుపుకున్నాడు. “నా పుండు మానిందని చెప్పింది. జరసేపు కూర్చుంటానంది.”

ముత్తన్న తల ఊపాడు. ఇంకా ఏదైనా ఉందేమోనని ఆగాడు.

“అంతేనా?”

“ఆమె అన్నది అంతే.”

తను అన్నది ఏమిటో ముత్తన్న అడగలేదు. బ్రహ్మానందం చెప్పలేకపోయాడు. ట్రాలీలో గడ్డి పరిచి, పైన నాగకుమారి ఇచ్చిన కొత్త దుప్పటి వేసి ఆమెను పడుకోబెట్టారు. దుప్పటి అంచులు ముడత లేకుండా లాగింది నాగకుమారి. ఎందుకు లాగిందో ఆమెకే తెలియదు. వీరరాఘవయ్య కూడా ట్రాలీ ఎక్కి వెంట వెళ్లాడు. శ్యామలమ్మ చెప్పులు, చేతి సంచి, తినని అన్నం గిన్నె ముత్తన్న పట్టుకున్నాడు. ట్రాక్టరు చప్పుడు రోడ్డెక్కి, మిగతా ట్రాక్టర్ల చప్పుడులో కలిసిపోయింది.

నాగకుమారి వచ్చి మంచం పక్కన నిలబడింది. పట్టుచీర కొంగు నడుముకు చుట్టింది. ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి తుంటి కిందికి పోనిచ్చింది.  లెక్క ఏదీ పెట్టకుండా ఒక్క ఊపున మళ్లించింది. దిండ్లు సర్దింది. లైటు దగ్గరికి లాగి అతని తుంటి చూసింది. ఎర్రగా, అణా బిళ్లంత మచ్చ ఉంది. వేలితో నొక్కి వదిలింది. తెల్లబడితే భయం లేదని శ్యామలమ్మ చెప్పేది. తెల్లబడలేదు.

“ఎర్రబడింది,” అన్నది. “రేపంతా ఈ పక్కకు వద్దు.”

“వెనక చూడు. నిజంగా మానిందా?”

ఆమె వెనక్కి వచ్చి వంగింది.  ఆమె ఏడుస్తోందని ఊపిరి చప్పుడును బట్టి తెలిసింది అతనికి.

“మానింది. పూర్తిగా మానిపోయింది.”

అతను కళ్లు మూసుకున్నాడు. స్తంభం దగ్గర నేల మీద నుంచి నాగకుమారి ఏదో తీసింది.

“అయ్యో, ఆవిడ కళ్లద్దాలు ఉండిపోయాయి. ముత్తన్నకి ఇవ్వలేదు.”

బ్రహ్మానందం కళ్లు తెరిచాడు. “ఆమెకు కళ్లద్దాలు ఎక్కడివి? నేనెప్పుడూ చూడలేదే.”

“మీకెలా కనబడతాయి? ఆవిడ మీ వీపు చూసేటప్పుడే పెట్టుకునేది.”

నాగకుమారి వాటిని తెచ్చి, అతనికి కనబడేలా స్టూలు మీద పెట్టింది. మందమైన అద్దాలు. విరిగిన ఒక పుల్లకు బీడీ కట్టలకు చుట్టే నూలుదారం చుట్టి ఉంది. కుడి అద్దం మీద, ఉప్పునీళ్ల తడి ఆరి తెల్లబడిన ఆమె బొటనవేలి ముద్ర ఇంకా చెరగలేదు.